మంచు విరిగిన చప్పుడు

బాతెల్, వాషింగ్టన్
7 జూలై 1984

విమలక్కకు,

నవోమి వందనాలు. బావగారికీ శాంతికీ చెప్పు.

రాత్రి డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నాను, నిద్ర పట్టలేదు. లేచి టీ పెట్టుకుని తాగడం మరిచిపోయాను. హాల్లో టీవీ మోగుతోంది. మా ఆయన శనివారం ఇంట్లో ఉన్నారంటే ఆ టీవీ కింద వాటావాళ్ళకు కూడా వినపడాల్సిందే. నేను రాత్రంతా పురిటి వార్డులో నిలబడి వచ్చానని తెలుసు, పడుకున్నానని తెలుసు, అయినా అంతే. ఫోన్ కూడా ఆ హాల్లోనే ఉంది కనుక ఉత్తరం రాస్తున్నాను.

బుధవారం ఫోర్త్ ఆఫ్ జూలై సెలవు. మౌంట్ రెయినీర్ మీద గ్లేషియర్ చూసొద్దాం పద అన్నారు. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉండి, మబ్బు లేని రోజున దూరం నుంచి ఆ తెల్లకొండను చూడటమే గాని దగ్గరకు పోయింది లేదు. ఆయన తనంతట తాను నోరు విప్పి ఒక మాట అడగడం చాలా నెలల తర్వాత. పొద్దున్నే లేచి పులిహోర కలిపాను, కోడివేపుడు చేశాను.

కార్లు ఆగే చోటి పేరు పారడైజ్. మన బైబిల్లోని పరదైసే. అక్కడి నుంచి గ్లేషియర్ కనపడే చోటికి చిన్న కాలిబాట ఉంది. ముసలివాళ్ళు కర్ర పట్టుకుని, తల్లులు పిల్లల్ని వీపున కట్టుకుని నడిచేస్తున్నారు. జూలైలో కూడా బాట మీద మంచు ఉంటుందని నాకెవరు చెప్పారు? నేను వేసుకున్నవి చర్చికి వేసుకునే చెప్పులు. కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నడుస్తూ జారి కూలబడ్డాను. ఆయన ముందు పోతున్నారు. “ఏవండీ, కాస్త ఆగండి” అని పిలిచాను. ఆగలేదు, వెనక్కి తిరిగి చూడనైనా లేదు. ఎవరో అమెరికన్ తాతగారు చెయ్యి అందించి లేపాడు.

బాట చివర లోయ. లోయ అవతల కొండ మీది నుంచి మంచు ఒక నదిలాగా దిగుతుంది. పైన తెల్లగా ఉంటుంది గాని కిందికి వచ్చేసరికి మట్టి కొట్టుకుపోయి నెర్రెలు పడి ఉంది. ఆ నెర్రెల లోపల నీలం. అటువంటి నీలం నేను ఏ చీరలోనూ చూడలేదు. చూస్తూ పడిన సంగతి మరిచిపోయాను. అంతలో ఆయన తాడు దాటారు.

అంచున తాడు కట్టి, దాటవద్దని బోర్డు పెట్టారు అక్కా. చదువుకున్న మనిషి, దాటి వెళ్ళి రాయి చివర నిలబడ్డారు. కళ్ళు మూసుకుని, మెడ ముందుకు చాపి. అక్కడ కాపలా ఉన్న రేంజర్ అమ్మాయి “సార్, సార్” అని కేక వేసింది. నేనూ కేక వేశాను. అందరూ చూస్తున్నారు. ఆయనకు చలనం లేదు. చివరికి ఆ అమ్మాయి పోయి చెయ్యి పట్టుకుంటే ఉలిక్కిపడి తిరిగారు. నన్ను చూసి “బాగుంది కదా” అన్నారు. ఇంటికి వచ్చేదాకా మళ్ళీ మాట లేదు. కోడివేపుడు డబ్బా మూత కూడా తీయలేదు.

ఆయనకు నా మీద ఏదో ఉంది. పక్క గదిలోంచి అడిగితే జవాబు రాదు. రాత్రి ప్రార్థన నేను ముగించి లేచినా ఆయన తల వంచుకుని అలాగే కూర్చుంటారు. ఇక్కడి తెలుగు ప్రార్థన కూడికలో పాట ఎత్తేది ఆయనే కదా, క్రిస్మస్ తర్వాత మానేశారు. గొంతు బాగాలేదంటారు. గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే చోట కూర్చుంటున్నారు. పిల్లలు లేరనా? నేను రాత్రి డ్యూటీలు మానలేదనా? ఆ రాయి మీద ఏం చేయబోయారు? ఇల్లంతా తిరుగుతున్నాను, ఒకచోట కూర్చోలేకపోతున్నాను.

నీకు తప్ప ఇది ఎవరికీ చెప్పలేదు.

నీ చెల్లెలు
నవోమి

&nbsp;

అల్ఫారెట్టా, జార్జియా
16 జూలై 1984

నవోమీ,

నీ ఉత్తరం పోస్టు డబ్బా దగ్గరే ఎండలో నిలబడి చదివాను. ఇక్కడి ఎండ మన బాపట్ల ఎండే, ఉక్క అదనం. లోపలికి వచ్చి మళ్ళీ చదివాను.

మీ బావగారికి చదివి వినిపించాను. నీకు తప్ప అన్నావు గాని ఆయనా నేనూ వేరా? “రోజంతా విమానాల షెడ్‌లో రేకులకు రివెట్లు కొట్టే మోతలో ఉండే మనిషి, ఇంటికొచ్చి కాసేపు సైలెంట్‌గా ఉంటే తప్పేంటి? నాకూ ఆ ఛాన్స్ ఇస్తే బావుండును” అన్నారు. ఆయన మాటకేం గాని, నేను సూటిగా అడుగుతున్నాను. ఫ్యాక్టరీలో ఎవరైనా ఉన్నారా? కొత్తగా అత్తరు పూసుకుంటున్నారా? ఎదురుగా ఉన్న పెళ్ళాం పిలిస్తే పలకని మగవాడికి ఇంకెవరో పిలుపు వినపడుతూ ఉంటుంది. సుందర్ రాజ్ అటువంటివాడు కాదని నాకూ తెలుసు. అయినా అడిగాను.

శుక్రవారం కూడికలో ప్రార్థన అవసరతలు చెప్పమన్నప్పుడు చెప్పాను. కంగారు పడకు, పేరు చెప్పలేదు. “వాషింగ్టన్ స్టేట్‌లో ఒక సహోదరి. భర్త పాటలు పాడే బిడ్డ, ఇప్పుడు చల్లబడిపోయి కొండ అంచున తాడు దాటి నిలబడ్డాడు” అని మాత్రం అన్నాను. అందరూ కన్నీళ్ళు పెట్టుకుని ప్రార్థన చేశారు. తర్వాత కాఫీల దగ్గర ముగ్గురు నలుగురు వచ్చి “మీ నవోమి ఎలా ఉంది?” అని అడిగారు. ఎందుకడిగారో మరి.

ఆవకాయ పంపుతున్నాను. సీసాకు రెండు ప్లాస్టిక్ సంచులు తొడిగాను, పోయినసారిలాగా బట్టల మీద పోసుకోకు.

అక్క
విమలకుమారి

&nbsp;

బాతెల్
25 జూలై 1984

అక్కా,

ఎందుకడిగారో నీకు తెలియదా? ఈ వాషింగ్టన్ స్టేట్‌లో భర్త పాటలు పాడే తెలుగు సహోదరీలం ఎంతమందిమి ఉన్నామనుకున్నావు? పేరు చెప్పలేదట. ఇంటి నంబరు కూడా ఇవ్వకపోయావా?

హ్యూస్టన్ నుంచి శశికళగారు ఫోన్ చేసింది. నాకు ఆమె ముఖం కూడా సరిగ్గా గుర్తు లేదు. “సిస్టర్, ఇంట్లో మీరు సేఫేనా? కత్తులూ అవీ దాచిపెట్టండి” అంది. నేను అప్పుడు ఉల్లిపాయలు తరుగుతున్నాను.

అది పోనీ. మొన్న ఆదివారం ఇక్కడ రత్నరాజు అన్నయ్య ఇంట్లో కూడిక. ఆయనకు ఎవరు మోశారో గాని, ప్రార్థనలో “కొండ అంచున నిలబడిన మా సహోదరుణ్ణి, భార్యను బాధపెడుతున్న మా ప్రియ సహోదరుణ్ణి” అని మొదలుపెట్టారు. కళ్ళు తెరిచి గుమ్మం వైపు చూశాను. మా ఆయన చెప్పుల పక్కన తల వంచుకుని హాయిగా కూర్చున్నారు. అందరూ ఆమేన్ అన్నాక అందరి ముఖాలూ చూసి, తనూ ఆమేన్ అన్నారు.

తన గురించి నలుగురిలో అంత మాట అంటే చీమ కుట్టినట్టైనా లేదు. కారెక్కి ఇంటికి వచ్చేదాకా నేను ఏడుస్తూనే ఉన్నాను. ఆయన రోడ్డు చూసుకుంటూ డ్రైవ్ చేశారు. ఇంత రాయి అయిపోయారేమిటి ఈ మనిషి?

ఇక ఎవరికీ చెప్పకు. ప్రార్థన పేరు పెట్టి కూడా చెప్పకు.

నవోమి

ఆవకాయ అందింది. కారలేదు.

&nbsp;

అల్ఫారెట్టా
4 ఆగస్టు 1984

నవోమీ,

నా మీద కోప్పడు, పడతాను. నీ కోసం నలుగుర్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టడం తప్పయితే ఆ తప్పు మళ్ళీ చేస్తాను. చిన్నప్పుడు నీకు టైఫాయిడ్ వస్తే అమ్మ వీధంతా చెప్పి ప్రార్థన చేయించింది. అప్పుడు నీకు సిగ్గు వేయలేదు.

ఇప్పుడు చెప్పేది కూర్చుని చదువు. నువ్వు డ్యూటీలో ఉండే వేళ చూసి మీ బావగారు సుందర్‌కి ఫోన్ చేశారు. నేను పక్కనే ఉన్నాను, ప్రతి మాటా విన్నాను. “నవోమిని కొన్నాళ్ళు మా దగ్గరకి పంపిస్తావా తమ్ముడూ?” అని అడిగారు. “అలాగే అన్నయ్యగారూ” అన్నాడు. “కొన్నాళ్ళంటే ఎక్కువే అవ్వచ్చు. తనిక్కడే జాబ్ చూసుకున్నా నీకు ఓకేనా?” అన్నారు. “అలాగే, అలాగే. ప్రభువు చిత్తం” అన్నాడు. ఎందుకని అడగలేదు. అడ్డం చెప్పలేదు. పైగా గొంతులో నవ్వు ఉందన్నారు మీ బావగారు. అంతవరకు సుందర్ పక్షాన మాట్లాడిన మనిషి ఫోన్ పెట్టేసి విమానం టికెట్ల ధరలు కనుక్కోవడం మొదలుపెట్టారు.

శాంతి కూడా మాట్లాడింది. మా కుక్క రూబీ పోయిన సంగతి నీకు రాశాను కదా. “బాబాయ్‌కి రూబీ డైడ్ అని చెప్పాను మమ్మీ, వెరీ గుడ్ అన్నాడు” అని గదిలోకి పోయి తలుపేసుకుంది. పిల్ల దగ్గర అంత కఠినంగా ఎవరైనా మాట్లాడతారా?

సెప్టెంబర్ పదిహేనుకి నీకు టికెట్ బుక్ చేశాం. ఇక్కడ ఆసుపత్రులకు కొదవ లేదు, నర్సులకు ఎప్పుడూ గిరాకీయే. నువ్వు వచ్చెయ్.

అక్క

&nbsp;

బాతెల్
13 ఆగస్టు 1984

అక్కా,

నీ ఉత్తరం చదివాక ఒక మాట ఆయన నోటి నుంచే వినాలనుకున్నాను. రాత్రి అన్నాలయ్యాక ఆయన గిన్నెలు కడుగుతున్నారు. పంపు ధారగా పోతోంది. ముఖం చూసి అడిగే ధైర్యం లేక వెనక నిలబడి అడిగాను. “నేను వెళ్ళిపోతే మీకు ఇష్టమేనా?”

ఆయన గిన్నె కడిగి బోర్లించారు. ఇంకోటి తీసుకున్నారు.

రెండోసారి అడగలేదు. మంచం కింది సూట్‌కేసు లాగి బట్టలు సర్దడం మొదలుపెట్టాను. సర్దుతాను, తీసేస్తాను, మళ్ళీ సర్దుతాను. వార్డులో కూడా ఇంతే. నిన్న ఒక తల్లికి ఇంకొకరి బిడ్డను అందించబోయి నాలుక కరుచుకున్నాను.

సూట్‌కేసు ఆయన చూశారు. ఏమీ అనలేదు. కాని పొద్దున ఫ్రిజ్ మీద చిన్న కాగితం అంటించి వెళ్ళారు. “వచ్చే నెల లేబర్ డే సెలవు నాడు ఇంకోసారి గ్లేషియర్ దగ్గరకి వెళ్దాం. నీతో ఒక మాట చెప్పాలి.” ఇంట్లో నోటితో చెప్పలేని మాట కొండెక్కి చెబుతారట. ఆ మాట ఏమిటో నాకు తెలుసు. వెళతాను. విని, తర్వాత నీ దగ్గరకు వస్తాను.

నవోమి

&nbsp;

అల్ఫారెట్టా
22 ఆగస్టు 1984

నా తల్లీ,

వెళ్ళకు. ఆ మాట ఏదో కాగితం మీదే రాసివ్వమను. వెళ్ళకుండా ఉండలేనంటావా, రత్నరాజు అన్నయ్యను వెంట తీసుకెళ్ళు. ఆ తాడు ఛాయలకు పోవద్దు. ఆయన్ని ముందు నడవనిచ్చి నువ్వు వెనక ఉండు. చెప్పులు కాకుండా బూట్లు వేసుకో, చీర వద్దు, ప్యాంటు వేసుకో. నిన్ను ప్యాంటు వేసుకోమని నేను అంటున్నానంటే నా పరిస్థితి అర్థం చేసుకో.

శాంతి తన గది నీకు ఖాళీ చేసింది. గోడల మీద ఆ పాటగాళ్ళ బొమ్మలు తీయనంది, వాటిని చూసి భయపడకు.

ఈసారి కూడికలో ఏమీ చెప్పలేదు. చెప్పకుండా కూర్చునేసరికి తలనొప్పి వచ్చింది. ఆ రోజు అయిపోగానే రాయి. లేదంటే ఫోన్ చెయ్యి, ఏ వేళకైనా.

అక్క

&nbsp;

బాతెల్
4 సెప్టెంబర్ 1984

అక్కా,

ఫోన్ చేయలేదని తిట్టుకుంటూ ఉంటావు. ఫోన్‌లో చెప్పేది కాదు. చివరిదాకా చదివితే ఎందుకో నీకే తెలుస్తుంది.

నిన్న వెళ్ళాం, ఇద్దరమే. నీ మాట విని ప్యాంటూ బూట్లూ వేసుకున్నాను. ఈసారి బాట మీద మంచు లేదు. పక్కన చిన్న చిన్న పూలు ఉన్నాయి.

గ్లేషియర్ ఎండాకాలానికి బాగా చిక్కిపోయింది. మురికిగా, రాళ్ళు బయటపడి ఉంది. నెర్రెల్లో నీలం మాత్రం అలాగే ఉంది. పదిహేను ఇరవైమంది నిలబడి చూస్తున్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఆయన తాడు దగ్గర వంగి బూటు లేసు కట్టుకుంటున్నారు. నేను ఆయన వెనక, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాను. మళ్ళీ దాటితే చొక్కా పట్టుకోవాలని.

అప్పుడు ఎదురుగా మంచు విరిగింది. ఒక పెద్ద పెళ్ళ ఊడి, రాళ్ళతో కలిసి కిందికి పోయింది. పిడుగు పడ్డట్టు చప్పుడు, లోయంతా మోగింది. అందరూ ఒక్కసారి అదిరిపడ్డారు. ఒకాయన చేతిలో కెమెరా జారిపోయింది. పక్కనున్న చంటిది గుక్కపెట్టి ఏడ్చింది. నేను రెండు చెవులూ మూసుకున్నాను.

ఆయన లేసు ముడి వేసుకుంటున్నారు. తల ఎత్తలేదు.

పుట్టిన బిడ్డకు చెవులు బాగున్నాయో లేదో మా వార్డులో ఎలా చూస్తామో నీకు ఎప్పుడో చెప్పాను. తల వెనక, బిడ్డకు కనపడకుండా చప్పట్లు కొడతాం. వినపడితే బిడ్డ ఉలిక్కిపడి చేతులు విసురుతుంది. రోజూ చేసే పనే. అక్కా, నేను నలుగురిలో మా ఆయన తల వెనక నిలబడి చప్పట్లు కొట్టాను. కుడి చెవి దగ్గర కొట్టాను. ఎడమ చెవి దగ్గర కొట్టాను. చేతులు మండేలా కొట్టాను. జనం నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. ఆయన లేచి నిలబడి ప్యాంటు దులుపుకుని ఇటు తిరిగి, నా చేతులు చూశారు. నా ముఖం చూశారు. రాతి మీద కూలబడ్డారు.

ఎడమ చెవి పూర్తిగా పోయిందట. కుడి చెవిలో గొణుగుడులాగా ఏదో మిగిలింది. రివెట్ల మోతలో ఏళ్ళ తరబడి పోతూ వచ్చింది. క్రిస్మస్ నాటికి హార్మోనియం ఒక శ్రుతిలో ఉంటే ఆయన ఇంకో శ్రుతిలో పాడారు. పిల్లలు నవ్వారు. అది నేను వంటగదిలో ఉండి చూడలేదు. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి అర్థం చేసుకుంటారు. రాత్రి డ్యూటీ పెళ్ళాం, పగటి డ్యూటీ మొగుడు, మేము ఎదురుపడేది ఎంతసేపు? ఫోన్‌లో పెదవులు కనపడవు కనుక ఎవరేమన్నా అలాగే అంటారు. బావగారు మా ఇద్దర్నీ థాంక్స్‌గివింగ్‌కి రమ్మంటున్నారని ఈయన అనుకున్నారట.

“నువ్వు రోజూ చిన్నపిల్లల చెవులు టెస్ట్ చేస్తావు కదా, నీకే తెలుస్తుందిలే అని చూశాను. తర్వాత్తర్వాత తెలీకపోతే బావుండును అనుకున్నాను. పాట ఎత్తేవాడికి పాట వినపడ్డం లేదని ఎట్లా చెప్పేది నవోమీ?” అన్నారు. సూట్‌కేసు చూసి నాకు తెలిసిపోయిందని, చెవిటి మొగుడు వద్దనుకుని పోతున్నానని అనుకున్నారట.

నాకు ముందు కోపం వచ్చింది. నిజంగానే రెండు దెబ్బలు వేయాలనిపించింది. ఇన్ని నెలలు నన్ను ఆ ఇంట్లో పిచ్చిదానిలా తిప్పారు కదా. కోపంతోనే ఆయన ముఖం రెండు చేతులతో నా వైపు తిప్పుకుని, పెదవులు కనపడేలా అడిగాను. “మరి ఆ రోజు తాడెందుకు దాటారు?”

“షెడ్‌లో ఒకతను చెప్పాడు. గ్లేషియర్ మూలుగుతుందంట, విరిగితే పిడుగులా ఉంటుందంట. అంత పెద్ద సౌండ్ అయినా నాకు వినిపిస్తుందేమో చూద్దామని దగ్గరకి వెళ్ళాను.”

వినిపించిందా అని నేను అడగలేదు.

ఏం చేయాలో తెలియక ఆయన పక్కన కూర్చుని ఆయన చెయ్యి నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఈసారి విరిగినప్పుడు చెప్పు అన్నారు. చాలాసేపు కూర్చున్నాం. జనం వస్తున్నారు, పోతున్నారు. ఎండ దిగిపోయి చలి మొదలైంది. విరిగింది, చిన్నదే. ఆయన చెయ్యి గట్టిగా నొక్కాను. “పెద్దదా?” అని అడిగారు. “పెద్దదే” అన్నాను.

టికెట్ క్యాన్సిల్ చేయించు. వచ్చే వారం చెవుల డాక్టర్ దగ్గరకు తీసుకెళుతున్నాను. మిషన్ పెడితే కుడి చెవికి కొంత ఉపయోగం ఉండవచ్చు, మా ఆసుపత్రిలో అడిగాను. రూబీ సంగతి శాంతికి నువ్వే సర్దిచెప్పు. ఆయనకు చెబితే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

కూడికలో ఏం చెబుతావో నీ ఇష్టం. నాకు ఇప్పుడు ఎవరి మీదా కోపం లేదు.

నవోమి

&nbsp;

అల్ఫారెట్టా
12 సెప్టెంబర్ 1984

నవోమీ,

ఉత్తరం చదివి నేను ఏడుస్తుంటే మీ బావగారు వచ్చి ఎవరు పోయారని అడిగారు. చదివి, ఆయన “చూశావా, రివెట్లని నేను ముందే చెప్పాను” అన్నారు. ఆయన చెప్పింది వేరు. అయినా ఊరుకున్నాను, కళ్ళు తుడుచుకోవడానికి ఆయన నాకు కనపడకుండా గరాజ్‌లోకి వెళ్ళారు.

శుక్రవారం అందరూ అడిగారు, వాషింగ్టన్ సహోదరి ఎలా ఉందని. “బాగుంది” అన్నాను. ఇంకా చెప్పమని చూశారు. కాఫీ కలపడానికి లేచిపోయాను. సుందర్ చెవి సంగతి సుందర్ చెప్పుకోవాలి, చెప్పుకోవాలనుకుంటే.

క్రిస్మస్‌కి మేం ముగ్గురం అక్కడికే వస్తున్నాం. కూడిక మీ ఇంట్లో పెట్టించు. శాంతి బాబాయ్‌కి ఎదురుగా నిలబడి మెల్లగా మాట్లాడటం అద్దం ముందు ప్రాక్టీస్ చేస్తోంది. దాని తెలుగుకి అదీ మంచిదే.

వెనక కాగితం మరిదిగారికి. నువ్వు చదవకు. చదువుతావని తెలుసు.

అక్క

సుందర్ రాజ్ మరిదిగారికి,

వదిన వందనాలు. ఇకనుంచి మీకు ఫోన్ చేయను, ఉత్తరమే రాస్తాను. నాకు మాటలు ఎక్కువ కనుక కాగితాలు ఎక్కువ అవుతాయి, ఓర్చుకోండి. మీ గురించి నోటికి వచ్చినట్టు నలుగురిలో చెప్పాను. అది నన్ను పడుకోనివ్వడం లేదు.

క్రిస్మస్ నాడు మీరు గుమ్మం దగ్గర కూర్చోవద్దు. ముందు కూర్చుని పాట ఎత్తండి. హార్మోనియం తీయవద్దని రత్నరాజు అన్నయ్యకు నేను చెబుతాను. మీరు ఏ శ్రుతిలో ఎత్తితే మేమందరం ఆ శ్రుతిలోకే వస్తాం.

మీ వదిన
విమలకుమారి